సూది ఆగిన తరువాత: కుట్టుపని వస్త్రాల సంరక్షణలో మరుగునపడిన చరిత్ర

భారత ఉపఖండపు వస్త్ర చరిత్రను రాయబూనిన వారికి మొట్టమొదట ఎదురయ్యే వింత ఒకటి ఉన్నది. ఈ నేల మీద నేసి, కుట్టిన గుడ్డలలో బహు పురాతనమైనవి ఈ నేల మీద దాదాపు దొరకవు. మొహెంజొదారో తవ్వకాలలో బయటపడిన నూలుపోగులు ఒక వెండి పాత్రను అంటుకొని ఉండడం వల్ల, ఆ లోహపు లవణాల రక్షణలో మిగిలాయి. మధ్యయుగాల నాటి గుజరాత్ అద్దకపు గుడ్డల పీలికలు ఈజిప్టులోని ఫుస్తాత్ శిథిలాలలో, పొడి ఇసుక కింద దొరికాయి. 16, 17 శతాబ్దాలలో పోర్చుగీసువారి కోసం బెంగాల్ పనివారు టసర్ పట్టుదారంతో కుట్టిన పెద్ద దుప్పట్లను చూడగోరేవారు లిస్బన్ వంటి పరదేశపు నగరాల మ్యూజియంలకు వెళ్ళవలసి వస్తున్నది. మన దేశంలో రాయి నిలిచింది, రాగి రేకు నిలిచింది, తాటాకు సైతం కొంత నిలిచింది. గుడ్డ మాత్రం వానకు, ఉక్కకు, పురుగుకు, ఎండకు లొంగిపోయింది.

అయినా నూరు, నూటయాభై సంవత్సరాల వయస్సు గల కుట్టుపని వస్త్రాలు నేటికీ మన పెట్టెలలోను, మ్యూజియంలలోను కనిపిస్తున్నాయి. ఇంతటి ప్రతికూల వాతావరణంలో అవి ఎలా మిగిలాయి? ఎవరో ఒకరు వాటిని ఉతికారు, ఆరబెట్టారు, మడత మార్చారు, చిరుగును అతికారు కనుక మిగిలాయి. మ్యూజియంలోని చీటీ మీద కుట్టు పేరు, ఊరు పేరు, శతాబ్దం ఉంటాయి. ఆ గుడ్డను ఇన్నేళ్ళు కాపాడిన చేతుల ప్రస్తావన ఉండదు. కుట్టుపని చరిత్ర సూది ఆగిన చోట ముగియదు. అక్కడ ప్రారంభమయ్యే రెండవ అధ్యాయాన్ని స్థూలంగానైనా పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

చరిత్ర పుటలలో చాకిరేవు

ఈ విషయంలో మనకున్న విలువైన ఆధారాలలో ఒకటి అబుల్ ఫజల్ రచించిన అయినీ అక్బరీ. అక్బరు వస్త్రాగారాన్ని గురించి చెప్పే ప్రకరణంలో గుడ్డలను భద్రపరచే క్రమం వర్ణితమైంది. వచ్చిన తేదీని బట్టి, ఒకే రోజు వచ్చినవాటిని వెలను బట్టి, ఆపైన రంగును, బరువును బట్టి వరుస పెట్టేవారట. అది ఒక విధంగా నేటి మ్యూజియంలలోని ప్రవేశపట్టికకు పూర్వరూపం. శాలువలను పూర్వం నాలుగు మడతలు వేసి ధరించేవారని, తన కాలానికి మడత లేకుండా భుజాన వేసుకొనడం వాడుక అయిందని కూడ ఆయన రాశాడు. మడత పడిన చోటనే గుడ్డ ముందుగా చిరుగుతుందన్న సంగతి ఎరిగినవారికి ఈ చిన్న వివరం అప్రధానం కాదు. సోనార్‌గావ్ సర్కారులోని ఒక పెద్ద తటాకంలో ఉతికిన గుడ్డలకు విశేషమైన తెలుపు వస్తుందని కూడ అదే గ్రంథం చెబుతున్నది. ఒక సామ్రాజ్యపు అధికారిక గ్రంథంలో చాకిరేవుకు చోటు దొరకడం సామాన్య విషయం కాదు.

ఆ సోనార్‌గావ్‌కు పొరుగుననే ఉన్న ఢాకా నగరాన్ని గురించి ఇంకా వివరమైన కథనం లభిస్తున్నది. అక్కడ సివిల్ సర్జనుగా పనిచేసిన జేమ్స్ టేలర్ రచనగా భావించే గ్రంథం 1851లో లండన్‌లో వెలువడింది. మస్లిన్ల నేతను గురించి అందులో ఎంత శ్రద్ధగా రాశాడో, నేత తరువాతి పనులను గురించి కూడ అంత శ్రద్ధగా రాశాడు. క్షారజలంలో తడిపి, ఆవిరి పట్టించి, గుడ్డను తెల్లబరచి, చివరి నీటిలో నిమ్మరసం కలిపే రజకులు ఒక వర్గం. ఉతుకులో పక్కకు జరిగిన పోగులను తిరిగి సరిచేసే నార్దియాలు మరొక వర్గం. మరకలు తీయడమే వృత్తిగా గల దాగ్ ధోబీలు వేరు. వీరు ఇనుప మరకకు ఒక పులుపు మొక్క రసాన్ని, ఇతర మరకలకు నెయ్యి, సున్నం, క్షారం కలిపిన ముద్దను వాడేవారు. నునుపైన శంఖంతో గుడ్డను కొట్టి మెరుగు తెచ్చే కుందీగర్లు, ఇస్త్రీ చేసేవారు, చిరుగులు అతికే రఫూగర్లు వీరికి తోడు. మస్లిన్ గుడ్డ నిడివి పొడవునా ఒక పోగును లాగివేసి, దాని స్థానంలో మరింత సన్నని పోగును ఎక్కించగల రఫూగర్లు ఉండేవారని ఆ గ్రంథం చెబుతున్నది.

ఈ జాబితాను చదివినప్పుడు ఒక సత్యం స్పష్టమవుతున్నది. నాడు వస్త్ర సంరక్షణ ఇంటి పని మాత్రమే కాదు. శ్రమవిభజనతో కూడిన, తరతరాలుగా అభ్యసించిన విద్య. యంత్రపు గుడ్డ పోటీకి నేతగాడు చితికిపోయిన సంగతి మన పాఠ్యగ్రంథాలలో ఉన్నది. అతనితో పాటు నార్దియా, దాగ్ ధోబీ కూడ కనుమరుగైన సంగతి అంతగా ప్రస్తావనకు రాలేదు. రఫూగర్లు మాత్రం పూర్తిగా అంతరించలేదు. ఉత్తరప్రదేశ్‌లోని నజీబాబాద్ నేటికీ వారికి పేరుపొందిన ఊరు. పాత కశ్మీరు శాలువలలో చిరుగు ఎక్కడ ఉండేదో కనిపించకుండా చేయడం వీరి పనితనం. పని ఎంత బాగా జరిగితే పనివాడు అంతగా కనిపించకుండా పోతాడు. చరిత్రలో వారికి చోటు దక్కకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

నీరు కోరే కుట్టు, నీరు గిట్టని కుట్టు

ఉపఖండపు కుట్టుపనులన్నిటికీ ఒకే సంరక్షణ విధానం సరిపడదు. లక్నో చికన్ పనిని తీసుకుందాం. చెక్క అచ్చులతో, కడిగితే పోయే నీలిరంగుతో గుడ్డ మీద ముందుగా నమూనా అద్దుతారు. ఆ గీతల వెంబడి స్త్రీలు నెలల తరబడి కుడతారు. అనేక చేతులు మారిన ఆ గుడ్డ చివరకు రజకుని వద్దకు చేరే సమయానికి మాసి, నీలిగీతలతో నిండి ఉంటుంది. గోమతీ తీరంలో అతడు ఉతికి, గంజి పెట్టి ఇస్తేనే తెల్లని గుడ్డ మీద తెల్లని పూవు ప్రత్యక్షమవుతుంది. ఇక్కడ ఉతుకు శిల్పరచనలో చివరి అంకం. రజకుడు లేకుంటే చికన్ పని పూర్తి కాదు.

దీనికి పూర్తిగా భిన్నమైనది చంబా రుమాలు. హిమాచల్‌లోని చంబా సంస్థానంలో పహాడీ చిత్రకారులు గీసి ఇచ్చిన రేఖల మీద స్త్రీలు పురిలేని మెత్తని పట్టుదారంతో, గుడ్డకు రెండు వైపులా ఒకే విధంగా కనిపించేటట్లు కుట్టేవారు. 1883లో రాజా గోపాల్ సింగ్ బ్రిటిషువారికి బహూకరించిన కురుక్షేత్ర యుద్ధ దృశ్యపు వస్త్రం నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది. చంబాలోనే 1908లో నెలకొల్పిన భూరీ సింగ్ మ్యూజియంలో కూడ ఈ రుమాళ్ళను చూడవచ్చు. పురిలేని పట్టు వెలుగులో ఎంత అందంగా మెరుస్తుందో, రాపిడికి అంత సులభంగా రేగిపోతుంది. దాని రంగులు నీటికి నిలుస్తాయన్న నమ్మకమూ లేదు. ఇటువంటి గుడ్డను చికన్ వలె రేవుకు పంపడం దాన్ని చంపడమే.

పంజాబు ఫుల్కారీలదీ ఇదే కోవ. ముతక ఖద్దరు మీద, వెనుక వైపు నుండి పోగులు లెక్కపెడుతూ, పురిలేని పట్టుదారంతో కుట్టే ఈ వస్త్రాలను పెండ్లి వంటి శుభకార్యాలకు మాత్రమే పెట్టె నుండి తీసేవారు. తక్కువగా వాడడమే వాటికి పెద్ద రక్షణ అయింది. 1947 నాటి విభజనలో ఎన్నో కుటుంబాలు ఆ పెట్టెలను వదలి ప్రాణాలతో బయటపడ్డాయి. తరువాతి కాలంలో పాత ఫుల్కారీలను ముక్కలు చేసి దిండుగలేబులుగా అమ్ముకున్న సందర్భాలూ ఉన్నాయి. గుడ్డకు పురుగు, బూజు, ఎండ మాత్రమే శత్రువులు కావు. దాని విలువ తెలిసిన మనుషులు దూరం కావడం అన్నిటికంటె పెద్ద ప్రమాదం.

పాతబట్టకు పునర్జన్మ

బెంగాల్ కాంథా ఈ చరిత్రలో ప్రత్యేక స్థానం గలది. వాడి వాడి మెత్తబడిన చీరలను, ధోవతులను పొరలుగా పేర్చి, పాత చీర అంచుల నుండి లాగిన రంగు దారాలతో వాటిని కలిపి కుట్టడమే కాంథా. అంటే సంరక్షణే ఇక్కడ కళారూపం దాల్చింది. ఎన్నోసార్లు ఉతికిన గుడ్డ కనుక కొత్తగా కుంచించుకుపోదు. పలుమార్లు నీరు తగిలిన దారం కనుక చాలావరకు రంగు వదలదు.

ఈ కాంథాలను సేకరించినవారిలో అగ్రగణ్యుడు ఐ.సి.ఎస్. అధికారి గురుసదయ్ దత్. 1882లో జన్మించి 1941లో మరణించిన ఆయన జిల్లాలలో పనిచేస్తూ, పల్లెటూళ్ళ ఇండ్లలో నుండి పటచిత్రాలను, మట్టిబొమ్మలను, కాంథాలను సేకరించాడు. వాటితో కోల్‌కతా శివారులోని జోకా వద్ద 1963లో గురుసదయ్ మ్యూజియం ప్రారంభమైంది. మానదాసుందరి అనే స్త్రీ తన తండ్రికి అంకితం చేస్తూ, అక్షరాలను కూడ సూదితోనే కుట్టిన సుప్రసిద్ధమైన కాంథా ఇందులో ఉన్నది. సంతకం చేసిన కుట్టుపని స్త్రీలు మన చరిత్రలో ఎందరున్నారు?

2017లో ఈ మ్యూజియానికి కేంద్రం నుండి అందుతున్న ఆర్థిక సహాయం నిలిచిపోవడంతో, నిర్వహణ కష్టమైన వార్తలు పత్రికలలో వచ్చాయి. ఎవరిది తప్పు అన్నది ఈ వ్యాసానికి అవసరం లేదు. ప్రభుత్వోద్యోగిగా నాకు స్ఫురించేది ఒక్కటే. సేకరణ ఒకసారి జరిగే పని. దానికి ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. సంరక్షణ ప్రతిరోజూ జరగవలసిన పని. దానికి ప్రారంభోత్సవం లేదు. ఏడాదికేడాది తప్పక రావలసిన కొద్దిపాటి పద్దు మాత్రమే ఉంటుంది. ఆ పద్దు తప్పిన నాడు గుడ్డ మౌనంగా నశిస్తుంది.

తెలుగు ఇంటి గోడ మీద

తెలుగునాట కుట్టుపని అనగానే తండాలలోని లంబాడీ స్త్రీల అద్దాల పని జ్ఞప్తికి వస్తుంది. గవ్వలు, అద్దాలు, నాణేలు పొదిగిన ఆ మందపాటి గుడ్డను తడిపితే దారం కంటె ముందు లోహం కష్టం తెస్తుంది. నాణెపు చిలుము గుడ్డకు దిగి పోని మరక అవుతుంది. దులపడం, నీడలో గాలికి ఆరవేయడం తప్ప ఆ వస్త్రాలకు తరచు స్నానం పనికిరాదు.

పట్టణాలలోని మధ్యతరగతి ఇండ్లలో మరొక రకం కనిపిస్తుంది. అది అద్దం బిగించిన క్రాస్ కుట్టు పటం. క్రాస్ కుట్టు మనకు పూర్తిగా పరాయిది కాదు. పొరుగున ఉన్న కర్ణాటకలోని కసూతి పనిలో నాలుగు కుట్లలో ఒకటైన మెంతి కుట్టు ఇదే. అయితే మిషన్ పాఠశాలలు, కాన్వెంట్లు బాలికలకు నేర్పిన కుట్టు తరగతుల ద్వారానే ఇది తెలుగు ఇండ్ల గోడల మీదికి ఎక్కింది. మ్యాటీ గుడ్డ మీద యాంకర్ దారాలతో కుట్టిన చిలుకలు, హంసలు, ‘సుస్వాగతం’ అక్షరాలు చూడని వారు మన తరంలో అరుదు.

మా ఇంట్లోనూ అటువంటి పటం ఒకటి ఉండేది. మా నాయనమ్మ కన్నెవయసులో కుట్టిన జంట చిలుకలు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దాని అద్దం పగిలింది. పటం విప్పి చూస్తే, గుడ్డను చెక్కకు మైదా జిగురుతో అతికించినట్లు తేలింది. ఆ జిగురు కోసం వెండిచేపలనే చిన్న పురుగులు చేరి అంచులను కొరికాయి. చరిత్రలో పట్టభద్రుణ్ణి అన్న ధీమాతో నేనే దాన్ని వేడినీళ్ళలో సబ్బుపొడి కలిపి నానబెట్టాను. గంట గడిచేసరికి చిలుకల ముక్కుల ఎరుపు తెల్లని గుడ్డంతా పాకింది. మా వీధిలో బట్టలు ఉతికే పెద్దాయనకు చూపితే ఆయన నిట్టూర్చి, “బాబుగారూ, తడిగుడ్డ అద్ది చూడకుండా ఎర్రదారాన్ని నీళ్ళలో వేస్తారటండీ?” అన్నాడు.

చాలా ఏళ్ళ తరువాత వస్త్ర సంరక్షణను గురించి చదివినప్పుడు, ప్రయోగశాలలు విధించే మొట్టమొదటి పరీక్ష ఆ పెద్దాయన చెప్పినదే అని గ్రహించాను. ఆ పటం ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నది. ఆ ఎరుపు మాత్రం పోలేదు.

శాస్త్రం చెప్పే మితం

లక్నోలో 1976లో ఏర్పాటైన జాతీయ సంరక్షణ పరిశోధనశాల వంటి సంస్థల వల్ల ఈ విద్య మన దేశంలో శాస్త్రీయమైన పునాది మీద నిలిచింది. ఆ శాస్త్రపు సారాన్ని ఒక్క మాటలో చెప్పాలంటే, మితం. వీలైనంత తక్కువ చేయాలి. చేసినది వెనుకకు తీసుకునేటట్లు ఉండాలి. చేసినది రాసి ఉంచాలి.

మొదట అడగవలసిన ప్రశ్న ఎలా ఉతకాలన్నది కాదు, ఉతకవలెనా అన్నది. చాలాసార్లు పలుచని వల మీదుగా దుమ్మును మెల్లగా పీల్చివేస్తే సరిపోతుంది. తడపక తప్పదనుకున్నప్పుడు ప్రతి రంగు దారాన్ని వెనుక వైపున, కనిపించని చోట, తడి తెల్లని దూదితో కొంతసేపు అద్ది చూడాలి. ఏ ఒక్క రంగు దూదికి అంటినా నీటి ఆలోచన మానుకోవాలి. వాడబోయే సబ్బు నీటితో కూడ ఇదే పరీక్ష జరపాలి. పురిలేని పట్టు, జరీ, అద్దాలు గల పనిని, శతాబ్దం దాటిన గుడ్డను ఇంట్లో తడపరాదు. నేటి నూలుదారాలతో కుట్టిన, రంగు నిలిచే పనిని మాత్రం చల్లని శుద్ధజలంలో, గాఢత లేని సబ్బుతో, పిండకుండా, రుద్దకుండా, అడుగున వల పరచి ఎత్తుతూ దించుతూ కడగవచ్చు. సబ్బు పూర్తిగా పోయేవరకు నీళ్ళు మార్చాలి. మిగిలిపోయిన సబ్బు ఏళ్ళ తరబడి గుడ్డను పసుపుపచ్చ చేస్తుంది. తరువాత తువ్వాలు మీద పరచి నీడలో ఆరనివ్వాలి. ఇస్త్రీ అవసరమైతే కుట్టు వైపు మెత్తని తువ్వాలు మీద బోర్లించి, వెనుక నుండి చేయాలి.

మన ఇంటి పద్ధతులను ఈ వెలుగులో పరిశీలిస్తే కొన్ని నిలుస్తాయి, కొన్ని నిలవవు. కుంకుడుకాయ రసంలో గాఢమైన క్షారం లేదు కనుక పట్టుకు, ఉన్నికి అది మేలే. తెల్లని నూలుకు మాత్రం గోధుమ ఛాయ అంటించవచ్చు. దాచిపెట్టే గుడ్డకు గంజి ఉండరాదు. పురుగుకు అది విందు. పాత శాలువల మధ్య కశ్మీరులో కోష్ఠు వేరు పెట్టేవారు. ఐరోపాకు పోయే శాలువల మూటలలో పచౌలీ ఆకులు పరచేవారు. మనవారు వేపాకు వేస్తారు. ఆకులు గుడ్డకు నేరుగా తగిలితే మరకపడే ప్రమాదం ఉన్నది కనుక విడిగా సంచిలో ఉంచడం మంచిది. వానాకాలం వెళ్ళగానే పెట్టె విప్పి గుడ్డలను గాలికి వేయడం, మడత మార్చడం ఉత్తమమైన ఆచారం. అప్పుడే పురుగు జాడ కూడ బయటపడుతుంది. అయితే ఎండలో కాదు, నీడలో వేయాలి. జరీ నల్లబడితే చింతపండుతో, విబూదితో తోమడం తగదు. పైనున్న పలుచని బంగారు పూత ఆ రాపిడికే పోతుంది.

వెలుగు చేసే హాని పోగయ్యేదే తప్ప తగ్గేది కాదు. మ్యూజియంలు వస్త్రాల మీద పడే వెలుగును 50 లక్సులకు పరిమితం చేసేది ఇందుకే. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు పడుతుంది. పటం కట్టించేవారు గుడ్డను జిగురుతో అతికించరాదు. ఆమ్లం లేని అట్టకు దారంతో కుట్టించాలి. అద్దానికి, గుడ్డకు మధ్య కొద్దిగా ఎడం ఉండాలి. పెట్టెలో ఉంచేవాటిని మడవడం కంటె, ఉతికిన పాత మల్లుగుడ్డతో కలిపి గొట్టానికి చుట్టడం మేలు.

రిజిస్టరులో ఒక గడి

ప్రభుత్వ కార్యాలయాలలో, విశ్రాంతి గృహాలలో, రాజభవనాలలో జ్ఞాపికలుగా అందిన కుట్టుపని వస్త్రాలు ఎన్నో ఉన్నాయి. కొన్ని పడమటి కిటికీకి ఎదురుగా వేలాడుతూ ఏటేటా రంగు కోల్పోతున్నాయి. కొన్ని ఉక్కు బీరువాలో నాలుగు మడతలుగా పడి ఉన్నాయి. వాటి వివరాలు స్టాకు రిజిస్టరులో తప్పక ఉంటాయి. వస్తువు పేరు, కొలత, వచ్చిన తేదీ, వెల. అక్బరు వస్త్రాగారపు లెక్కలలో ఉన్నవీ ఇంచుమించు ఇవే. నాలుగు శతాబ్దాలు గడిచినా మనం అదనంగా చేర్చవలసిన గడి ఒకటి మిగిలే ఉన్నది. అది ఎప్పుడు, ఎవరు, ఏ విధంగా శుభ్రం చేశారు, ఎప్పుడు మడత మార్చారు అన్న గడి. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒక గీత గీస్తే చాలు. ఆ గీత గీసిన నాడు, కాపాడిన చేతికి కూడ చరిత్రలో పేరు దక్కుతుంది.

పాతబట్టల అంచులను శ్రద్ధగా చూస్తే కొన్నిటి మీద చిన్న నల్లని గుర్తులు కనిపిస్తాయి. ఏ ఇంటి గుడ్డ ఏదో తెలియడానికి రజకుడు నల్లజీడి గింజ రసంతో పెట్టిన గుర్తులవి. ఎన్ని ఉతుకులకైనా అవి చెరగవు. మ్యూజియం పట్టికలు మరచిన ఆ మనిషి తన సంతకాన్ని ఆ మూలన వదలి వెళ్ళాడు. పాత కుట్టుపని చేతికి వచ్చినప్పుడు ముందువైపు పూలను చూసి మురిసిన పిదప, ఒకసారి ఆ మూలను కూడ తిప్పి చూడడం మన కర్తవ్యం.